ఉప్పు తిన్న శ్లాబుకి పైపూత సరిపోదు

ప్రశ్న: ఇంజనీరు గారికి నమస్కారం. మాది సోంపేట మండలంలో సముద్రానికి కిలోమీటరు లోపున్న ఊరు. టీచరుగా చేసి రిటైరయ్యాను. 1996లో రెండు గదులు, హాలు, ముందు వరండా కట్టి శ్లాబు పోయించాను. ఇసక ఎక్కడిదో నాకు గుర్తు లేదు, అప్పుడు అన్నీ మేస్త్రే చూసుకున్నాడు. కొన్నేళ్లుగా శ్లాబు అడుగున పెచ్చులు ఊడుతున్నాయి. మొదట బాత్రూంలో ఊడాయి, తర్వాత సముద్రం వైపు కిటికీ మీది సన్‌షేడ్‌కి, మొన్న వానల్లో హాల్లో. హాల్లో పెచ్చు మా అమ్మగారి మంచం పక్కనే పడింది. ఊడిన చోట ఊచలు ఎర్రగా కనిపిస్తున్నాయి. తిత్లీ తుఫానప్పుడు సన్‌షేడ్ మీద కొబ్బరిచెట్టు పడింది. అప్పటినుంచి గోడ దగ్గర పైన సన్నటి బీట ఉంది. డాబా ఖాళీగా ఉంటుందని వీధిలో వాళ్లు ఉప్పుచేపలు ఎండబెట్టుకుంటారు.

ఇప్పటి మేస్త్రి ఊడినంత మేర గీకేసి, ఊచలకి యాసిడ్ కొట్టి, సిమెంటు పాలు పూసి ప్లాస్టింగు చేస్తానంటున్నాడు. మా అల్లుడు కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటాడు. అక్కడ ఇంటి ముందు కారు నిలిపే కాంక్రీటు మంచుకి పొరలు పొరలుగా లేచిపోతే బాగుచేయించి సీలర్ కొట్టించాడట. ‘అంత మంచుకి ఆగిన మందు మన సముద్రం గాలికి ఆగదా మావయ్యా, విశాఖలో దొరుకుతుంది, డబ్బు నేను పంపుతాను’ అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినను? పనయ్యాక పైన ఒక గది వేసుకోవచ్చా?

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మాస్టారూ, ముందు అమ్మగారి మంచం ఆ హాల్లోంచి తీయించండి. మిగతాది తర్వాత చదవొచ్చు. ఒకచోట పెచ్చు ఊడిందంటే దాని చుట్టూ ఊడడానికి సిద్ధంగా ఉన్నవి ఇంకా ఉంటాయి. అవి ఊచని వదిలేసి, పక్క కాంక్రీటుని పట్టుకుని వేలాడుతుంటాయి. చూడ్డానికి భోజనం పళ్లెమంత ఉన్న పెచ్చు మూడు నాలుగు కిలోలు తూగుతుంది. నిద్రపోతున్న మనిషి మీద అది పడకూడదు.

సన్‌షేడ్ సంగతి ఇంకా తొందర. హాలు శ్లాబుకి నడిమధ్య బరువు మోసే ఊచలు అడుగున ఉంటాయి కాబట్టి అక్కడ ఏం జరుగుతోందో మీ కంటికి కనబడుతోంది. సన్‌షేడ్ అలా కాదు. దానికి ఒకవైపే గోడ ఆధారం, రెండోవైపు గాలిలో ఉంటుంది, అందుకని దాని బరువంతా పైభాగంలోని ఊచలే పట్టుకుంటాయి. మీరు చెప్పిన బీట సరిగ్గా ఆ ఊచల మీదే ఉంది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. అప్పటినుంచి ప్రతి వానకీ నీళ్లు, ప్రతి గాలికీ ఉప్పు ఆ బీటలోంచి నేరుగా లోపలికి దిగుతున్నాయి. అడుగున నుంచుని చూస్తే నాలుగు పెచ్చులు ఊడినట్టే ఉంటుంది. ఊచలు గోడ దగ్గర తెగితే మాత్రం సన్‌షేడ్ ముక్కలుగా రాలదు, మొత్తంగా ఒక్కసారే విరిగి పడుతుంది. ఇవాళే దాని కింద రెండు సర్వీ బాదులు ఊతం పెట్టించి, పిల్లలు అటు వెళ్లకుండా తాడు కట్టండి. నా ఉద్దేశంలో ఆ సన్‌షేడ్‌ని బాగుచేయడం కంటే కొట్టేసి కొత్తది పోసుకోవడమే నయం.

ఇక మీ అల్లుడుగారి మాట. దాన్ని తీసిపారేయడానికి లేదు, అందులో సగం నిజం ఉంది. మన దేశంలో కాంక్రీటు పనికి ఆధారమైన ప్రమాణం ఐఎస్ 456. 2000 సంవత్సరంలో సవరించిన ఆ పుస్తకంలో, కాంక్రీటు ఎలాంటి చోట ఉంటే ఎంత గట్టిగా ఉండాలో చెప్పే పట్టిక ఒకటుంది. మామూలు వాతావరణం నుంచి అతి కఠినమైన దాకా అయిదు మెట్లు. సముద్రపు తుంపర పడే కాంక్రీటూ, తడిగా ఉండగా తీవ్రంగా గడ్డకట్టే చలికి గురయ్యే కాంక్రీటూ రెండూ ఆ పట్టికలో నాలుగో మెట్టు మీద పక్కపక్కనే ఉంటాయి. తుంపర తగలకపోయినా తీరప్రాంతపు గాలికి తెరిచి ఉన్నది మూడో మెట్టు. అంటే ఎడ్మంటన్ మంచునీ మన ఉద్దానం తీరపు గాలినీ కాంక్రీటుకి దాదాపు సమానమైన శత్రువులుగానే లెక్కగట్టారు. అల్లుడుగారు పోల్చడంలో పొరపాటు లేదు.

తేడా అంతా ఆ శత్రువు ఎక్కడ దెబ్బ కొడుతుందన్న దాంట్లో ఉంది.

కాంక్రీటులో కంటికి కనబడని సన్న రంధ్రాలుంటాయి. ఎడ్మంటన్‌లాంటి చోట ఆ రంధ్రాల్లో నీళ్లు నిండి ఉండగా గడ్డకట్టే చలి వస్తుంది. నీరు మంచుగడ్డ అయితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే రంధ్రం గోడలు పగులుతాయి. ఎండకి కరిగి, చలికి మళ్లీ గడ్డకడుతుంది, అలా పదే పదే. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కారు చక్రాలకి అంటుకుని వచ్చి ఇంటి ముందు కాంక్రీటు మీద కారుతుంది, దాంతో దెబ్బ ఇంకా ఎక్కువ. ఫలితం పైపొర రేకులుగా లేవడం. అక్కడివాళ్లు దీనికి విరుగుడు పోసేటప్పుడే వేస్తారు. కాంక్రీటులో 5 నుంచి 8 శాతం దాకా గాలి సన్న సన్న బుడగలుగా ఉండేటట్టు ఒక రసాయనం కలుపుతారు. గడ్డకట్టే నీటికి ఒత్తిడి తీర్చుకునే ఖాళీలు ఆ బుడగలే. సీలర్ రెండో రక్ష మాత్రమే. సైలేన్, సైలాక్సేన్ జాతి సీలర్ కాంక్రీటులోకి కొన్ని మిల్లీమీటర్లు ఇంకి, నీటిని లోపలికి పీల్చుకోనివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. నీళ్లు నిండని రంధ్రంలో మంచు పగలగొట్టేదేమీ ఉండదు కాబట్టి అక్కడ అది పనిచేస్తుంది. పైగా అక్కడ చెడింది నేలమీద పరిచిన కాంక్రీటు. పైన రేకు లేచినా ఎవరి నెత్తి మీదా పడదు.

మీ శ్లాబు నెత్తి మీద ఉంది, ఊచల బలంతో నిలబడి ఉంది. మన దగ్గర దెబ్బ తగిలేది ఆ ఊచలకే. మంచి కాంక్రీటులో క్షారగుణం బాగా ఎక్కువ, పీహెచ్ 12.5 పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం ఇనుము మీద ఒక పల్చటి రక్షణపొర నిలబడి, తుప్పుని దగ్గరికి రానివ్వదు. ఉప్పులోని క్లోరైడు ఊచదాకా చేరితే ఆ పొరని అక్కడక్కడ చిల్లులు పొడుస్తుంది. ఇంకోవైపు గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి దిగి ఆ క్షారాన్నే చంపేస్తుంది. ఏ దారిన వచ్చినా తుప్పు మొదలవుతుంది. నీరు గడ్డకడితే 9 శాతమే ఉబ్బుతుందని చెప్పాను కదా, ఇనుము తుప్పయితే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. పెచ్చుని తోసేది ఆ ఒత్తిడే. మన ఎండా, తేమా రెండూ దానికి తోడు.

ఊడిన పెచ్చు పారేయకుండా ఉంచారా? ఉంచితే తిరగేసి చూడండి. ఊచ ఆనుకున్న చోట గాడి ఉంటుంది, గాడి నిండా తుప్పురంగు. 1996 నాటిది కాబట్టి మెలితిప్పిన టార్ ఊచలే అయి ఉండొచ్చు, అలా అయితే ఆ మెలికల అచ్చు కూడా పడి ఉంటుంది. ఇప్పుడు స్కేలు తీసుకుని, గాడి అడుగునుంచి పెచ్చు బయటి ముఖందాకా ఎంత మందం ఉందో కొలవండి. ప్లాస్టింగు పొర వేరుగా తెలుస్తుంది, దాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగిలేదే మీ ఊచకి కాంక్రీటు కప్పిన దుప్పటి. తీరప్రాంతానికి ఐఎస్ 456 అడిగేది 45 మిల్లీమీటర్లు. ఆ రోజుల్లో చాలాచోట్ల ఊచల కింద వాటిని ఎత్తిపట్టే కవర్ బ్లాకులు పెట్టకుండా, రెండు కంకర రాళ్లు తోసి, పోసేటప్పుడు వాటి మీదే నడిచేవారు. అలా పోసిన శ్లాబుల్లో 10 మిల్లీమీటర్లు దొరికినా గొప్పే.

మీరు సైన్సు మాస్టారో కాదో రాయలేదు గానీ, మీ పాత స్కూలు ల్యాబులో ఫినాఫ్తలీన్ ఉండొచ్చు. కొంచెం అడిగి తెచ్చుకోండి. పెచ్చు ఊడిన చోట ఉలితో ఇంకాస్త తాజాగా కొట్టి, దుమ్ము ఊదేసి, వెంటనే ఆ ద్రావకం చిలకరించండి. గులాబీరంగు వస్తే క్షారం బతికే ఉందని అర్థం. రంగు రాకపోతే అంతమేర చచ్చిపోయింది. ఊచ చుట్టూ గులాబీరంగు చక్కగా వచ్చి, అయినా ఊచ తుప్పు పట్టి ఉంటే మాత్రం అసలు దోషి ఉప్పే.

ఆ ఉప్పు బయటినుంచి వచ్చిందా, పోసిన రోజే ఇసకతోనో నీళ్లతోనో లోపలికి వెళ్లిందా అన్నది మీ ఇంటి విషయంలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మీ ఉత్తరం ప్రకారం ఊడిన మూడు చోట్లకీ మూడు వేరు కారణాలు చెప్పొచ్చు. బాత్రూంలో ఎప్పుడూ ఆవిరి, చెమ్మ. సన్‌షేడ్‌కి ఎదురుగాలి. హాల్లో మాత్రం పైనుంచి నీళ్లు దిగుతూ ఉండాలి. కానీ ఆ ఇసక సముద్రపు ఒడ్డుదైతే మూడింటికీ కారణం ఒక్కటే, అప్పుడు ఊడని చోట కూడా ఉప్పు ఉన్నట్టే. ఇది ఊహించి తేల్చేది కాదు. నాలుగైదు చోట్ల డ్రిల్లుతో తీసిన పొడిని, పైపొరది ఒక కవరులో, ఊచ లోతుది ఇంకో కవరులో వేసి, ఏ గదిదో రాసి, సివిల్ విభాగం ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకో, మట్టి కాంక్రీటు పరీక్షలు చేసే ల్యాబుకో పంపి క్లోరైడు శాతం అడగండి. కొత్తగా ఆర్సీసీ, అంటే ఊచలున్న కాంక్రీటు, పోసేటప్పుడు ఘనమీటరుకి 0.6 కిలోల క్లోరైడు మించకూడదని ప్రమాణం. ఆ గీతకి మీది ఎంత దూరంలో ఉందో చూస్తే సగం నిర్ణయం అయిపోతుంది. పైపొరలో ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటే బయటినుంచి వచ్చింది, బాగుచేయడానికి అర్థం ఉంది. సముద్రం వైపు కాని లోపలి గదిలో కూడా పైనా లోపలా ఒకే తీరుగా ఎక్కువగా ఉంటే మాత్రం ఇసకలో వచ్చింది. అలాంటి శ్లాబుకి ఎన్ని అతుకులు వేసినా పక్కన ఇంకోచోట ఊడుతూనే ఉంటుంది. ఆ డబ్బు దాచి శ్లాబు మార్చుకోవడమే మేలు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ రెండేళ్లకోసారి మేస్త్రికి కూలి ఇచ్చి, ఆ తర్వాత అదే నిర్ణయానికి వచ్చే బాధ మీకు తప్పాలి.

బాగుచేయదగ్గదే అని తేలిందనుకుందాం. మీ మేస్త్రి చెప్పిన పద్ధతిలో ఒక్క మెట్టు కూడా నాకు నచ్చలేదు, ముఖ్యంగా యాసిడ్. మేస్త్రులు వాడే ఆ యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అంటే క్లోరైడుతో చచ్చిపోతున్న ఊచకి మళ్లీ క్లోరైడే పోస్తున్నామన్నమాట. ఊచ ఆ పూట తళతళలాడుతుంది, ఆ తర్వాత ఇంకా వేగంగా తుప్పు పడుతుంది. కిరసనాయిలు, పాత ఇంజనాయిలు కూడా వద్దు. వాటి జిడ్డు మీద ఏ సిమెంటూ పట్టదు.

పని మొదలెట్టే ముందు శ్లాబు అడుగంతా చిన్న సుత్తితో తట్టుకుంటూ రండి, ఈ పని మీరే చేయగలరు. గట్టి చోట టంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల అంచులన్నీ సుద్దతో గీసుకోండి. ఊడినదాని కంటే సుద్దగీతల్లో ఇరుక్కున్నదే ఎక్కువ తేలుతుంది, దానికి భయపడకండి, అది ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. హెల్మెట్ లేకుండా మాత్రం తట్టొద్దు. తర్వాత గది మొత్తానికీ జాకీలో బాదులో ఊతం పెట్టించి, సుద్దగీత బయటిగా కట్టర్‌తో 10 మిల్లీమీటర్ల లోతు నిటారు గాటు పెట్టించండి. కొత్త మోర్టారు అంచులు పల్చబడిపోకుండా ఆ గాటులో కూర్చోవాలి. పల్చటి అంచులే మొదట లేచేది.

ఆ గీతలోపల కొట్టేటప్పుడు మేస్త్రులు ఊచ కనబడగానే ఆపేస్తారు. మీరు అక్కడ నిలబడి ఆపనివ్వకుండా చూడాల్సింది ఇదొక్కటే. ఊచ వెనకాల వేలు దూరేంత, అంటే 20 నుంచి 25 మిల్లీమీటర్లు, ఖాళీ రావాలి. తుప్పు ఊచ చుట్టూ ఉంటుంది. ముందువైపు మాత్రమే గోకి సిమెంటు పూస్తే వెనకవైపు తుప్పు దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. ఊచ వెంబడి అటూ ఇటూ కూడా తుప్పు లేని ఇనుము కనబడేదాకా కొట్టుకుంటూ పోవాలి. ఇది నాలుగంగుళాల శ్లాబు అయితే వెనకాల మిగిలే కాంక్రీటు తక్కువే, అందుకని పెద్ద బ్రేకరు వద్దు, ఉలీ సుత్తీ, లేదంటే చిన్న మెషీను. ఊతం పెట్టమని అంత గట్టిగా చెప్పింది కూడా అందుకే.

ఆ తర్వాత వైరు బ్రష్షుతో, వీలైతే గ్రైండరుకి బిగించిన వైరు చక్రంతో, ఊచ చుట్టూ ఇనుము మెరిసేదాకా తోమించి, మంచినీళ్లతో కడిగించండి. ఉద్దానంలో బావినీళ్లలో ఏముందో చూడ్డానికి కంటికి తెలీదు, తాగడానికి తెచ్చుకునే నీళ్లే వాడండి. ఆరాక సన్నటి మందాలు కొలిచే వెర్నియర్‌తో ఊచ కొలవాలి. 8 మిల్లీమీటర్ల ఊచ 7కి వచ్చిందంటే పోయింది ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ బలం పోయింది దాదాపు నాలుగో వంతు. ఆ స్థితికి వచ్చిన ప్రతిచోటా పక్కన కొత్త ఊచ కట్టాలి, పాతదానిలో మంచి భాగంతో రెండువైపులా తగినంత జోడింపు ఉండాలి. 8 ఎంఎం ఊచకైతే సుమారు 400 మిల్లీమీటర్లు. ఎక్కడ కట్టాలో మేస్త్రి చెప్పకూడదు, ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని ఒక్కపూట తీసుకొచ్చి చూపించండి. ఆ ఫీజు దండగ కాదు.

తోమిన ఊచకి అదే రోజు జింకు ప్రైమరు గానీ, ఊచల కోసమే వచ్చే సిమెంటు ఆధారిత తుప్పు నిరోధక పూత గానీ వేయాలి. సముద్రం పక్కన రాత్రి గడిస్తే చాలు, మళ్లీ ఎర్రబడుతుంది. పాత కాంక్రీటుకి బాండింగ్ పూత వేసి, అది జిగటగా ఉండగానే పాలిమర్ కలిపిన రిపేరు మోర్టారు నొక్కి ఎక్కించాలి. సంచుల్లో తయారుగా వస్తుంది, కాదంటే ఎస్‌బీఆర్ లేటెక్స్ అనే రబ్బరు పాలు కలుపుకోవచ్చు. పాళ్లు డబ్బా మీద ఉన్నవే, మేస్త్రి చేతి అందాజా కాదు. నెత్తిమీద పని కాబట్టి ఒక్కసారికి 10, 15 మిల్లీమీటర్లకి మించకుండా పొరలు పొరలుగా. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు కలిపేవాళ్లు ఇంకా ఉన్నారు, తడి తగిలితే అది మళ్లీ మెత్తబడుతుంది, వద్దనండి. ఆరేటప్పుడు ఎండగాలి తగలకుండా కిటికీలు మూసి, సంచి మీద చెప్పినన్నాళ్లు తడి ఉంచండి. మామూలు సిమెంటు కంటే ఈ సరుకు చాలా ఖరీదు. అయినా కొట్టడం, తోమడం సరిగ్గా జరిగితేనే దాని విలువ. ఆ రెండూ జరగకుండా ఎంత ఖరీదైన సంచి తెచ్చినా పైకి నున్నగా ఉంటుందంతే.

ఉప్పు ఉన్న శ్లాబులో ఒక చిక్కు ఉంది, ముందే తెలిసి ఉండడం మంచిది. బాగుచేసిన చోట ఊచ తుప్పు పట్టడం ఆగుతుంది, కానీ ఆ అతుకు అంచున, పాత ఉప్పు కాంక్రీటులో ఉన్న అదే ఊచ ఇదివరకటి కంటే త్వరగా తుప్పు పట్టొచ్చు. దీనికి అతుకు అంచుల్లో ఊచకి చిన్న జింకు బిళ్లలు కడతారు. ఇనుముకి బదులు జింకు కరిగిపోతుంది. క్లోరైడు ఫలితం మధ్యరకంగా వస్తే మీ ఇంజనీరుని ఆ బిళ్లల గురించి అడగండి.

ఇప్పుడు డాబా మీదికి. హాల్లో ఊడిందంటే పైన ఎక్కడో నీళ్లు నిలుస్తున్నాయి. ఒక పెద్ద వాన వెలిసిన అరగంటకి పైకెక్కి చూడండి. తడి ఇంకా ఆరని మడుగు ఎక్కడుందో అడుగున దాదాపు అక్కడే పెచ్చు ఉంటుంది. పిట్టగోడ శ్లాబుని కలిసే మూల, కొబ్బరాకులు అడ్డుపడిన నీటి తూము, ట్యాంకు దిమ్మ చుట్టూ ఉన్న సందు, ఈ మూడూ తప్పకుండా చూడండి. ముందు బీటలు కోసి నింపి, నూటికి ఒకటి చొప్పున అయినా వాలు వచ్చేట్టు చేసి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ పూత. అది సాగే గుణం ఉన్నది, రెండు పొరలు, పిట్టగోడ మీదికి జానెడు ఎక్కాలి. అడుగువైపు మాత్రం ఎనామిల్ రంగులాంటిది వేసి మూసేయకండి. శ్లాబు ఆరడానికి మిగిలిన దారి అదే.

చేపల సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు. నాకు మాత్రం ఉత్తరమంతటిలో అక్కడే మనసు ఆగింది. ఎడ్మంటన్ కాంక్రీటుకి రోడ్డు ఉప్పు ఎంత చేటో మీ డాబాకి ఆ ఉప్పుచేపల నీరూ అంత చేటు, పైపెచ్చు ఊచలు ఉన్న శ్లాబు మీద. గాలి మోసుకొచ్చే ఉప్పుకి తోడు ఆ చేపలనుంచి కూడా ఉప్పునీరు కారుతుంది, ఎండకి నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగులుతుంది, మొదటి వానకి కరిగి బీటల్లోకి దిగుతుంది. వాళ్లని రావద్దనమని చెప్పను. అది వాళ్ల బతుకుతెరువు, మీ వీధి మర్యాద కూడా. ఇసకలో వెదురుకర్రలతో నడుమెత్తు మంచెలు వేసి వలమీద ఆరబెడితే చేపకి ఇసక అంటదు, కిందనుంచి కూడా గాలి ఆడి త్వరగా ఎండుతుంది, సరుకు శుభ్రంగా ఉంటే ధర కూడా బాగా పలుకుతుంది. ఈ మాట మీరు చెబితే వింటారు, వాళ్ల పిల్లలకి చదువు చెప్పినవారు కదా. డాబా మీద ఇప్పటికే పేరుకున్న ఉప్పుని పూత వేయడానికి ముందు మంచినీళ్లతో రెండు మూడు దఫాలు కడిగించి బాగా ఆరనివ్వండి.

అల్లుడుగారు పంపే డబ్బు అక్కరకొస్తుంది. సీలర్‌కి చోటు ఉంది, అయితే అన్ని పనుల చివర. కొత్తగా పోసే సన్‌షేడ్‌కి, పిట్టగోడకి, వరండా స్తంభాలకి, సముద్రం వైపు బీముకి, కాంక్రీటు బాగా ఆరి ఉన్నప్పుడు సైలేన్ సీలర్ కొట్టిస్తే ఉప్పునీరు లోపలికి పీల్చుకోవడం చాలా తగ్గుతుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ కొట్టాలి. నీళ్లు చిలకరిస్తే బొట్లు బొట్లుగా జారకుండా కాంక్రీటు నల్లబడుతుంటే ఆ వేళ వచ్చినట్టు. నీళ్లు నిలిచే డాబా మీద దాన్ని నమ్ముకోవద్దు, బీటల్ని అది మూయలేదు. ఊచదాకా ముందే చేరిన ఉప్పుని బయటికి లాగే సీలర్ కూడా ఏదీ లేదు. తుప్పు పట్టిన చోట దాన్ని కొడితే రోగం కొంత నెమ్మదిస్తుందేమో గాని ఆగదు. ఇంకోమాట, అక్కడిలా గాలి బుడగల రసాయనం ఇక్కడ కాంక్రీటులో కలపమని ఎవరైనా అంటే వద్దనండి. గడ్డకట్టే చలి లేనిచోట దాంతో ఒరిగేదేమీ లేదు, ఆ మేరకి బలం తగ్గుతుంది.

పైన గది వద్దు మాస్టారూ. క్లోరైడు ఫలితం బాగా వచ్చినా వద్దు. పాతికేళ్లు దాటిన శ్లాబు, ఊచలు కొంత అరిగాయి, వాటిని నిలబెట్టుకోవడమే ఇప్పటి పని. గది తప్పనిసరి అయితే పెరట్లో విడిగా, దాని పునాది దానికి, దాని స్తంభాలు దానికి వేసి కట్టుకోండి. అది పోసేటప్పుడు ఎడ్మంటన్‌వాళ్లూ మనమూ కలిసే అంకె ఒకటుంది. సిమెంటు బరువులో నీరు 0.45 వంతు మించకూడదు. అక్కడ మంచు తగిలే కాంక్రీటుకి వాళ్లు అదే పెడతారు, మన తీరానికి ఐఎస్ 456 పెట్టిందీ అదే. యాభై కిలోల సంచికి 22 లీటర్లు, ఇసకలో ఉన్న తడితో కలిపి. మేస్త్రి ఇది గట్టిగా ఉంది, పోయలేమంటాడు. నీళ్లు పోయనివ్వకుండా, నీరు పెంచకుండానే కాంక్రీటుని పోయడానికి వీలుగా చేసే ప్లాస్టిసైజరు కలిపించి, వైబ్రేటరు పెట్టించండి. ఎం30 గ్రేడు బలమున్న కాంక్రీటు, నది ఇసక, తాగే నీళ్లు, 45 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు. సిమెంటు స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిపిన రకం, అంటే పీఎస్‌సీ, తీసుకుంటే క్లోరైడుని బాగా అడ్డుకుంటుంది. కానీ అది నిదానంగా గట్టిపడుతుంది కనక మన ఎండల్లో 14 రోజులు తడి ఆరనివ్వకూడదు.

రిపేరు పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకోండి. తుఫాన్ల రోజులు దాటిపోతాయి, గాలిలో తేమ తగ్గుతుంది, వేసవి ముదిరేలోపు డాబా పూత కూడా అయిపోతుంది. ఈలోపు సన్‌షేడ్ కింద ఊతం, హాల్లో ఊతం, పొడి పరీక్ష. పరీక్ష కాగితం, సుద్దగీతలు గీసిన శ్లాబు ఫోటోలు, పెచ్చు మందం కొలత నాకు పంపండి. అవి చూశాక మేస్త్రికి బయానా ఇవ్వాలో వద్దో రాస్తాను.